వెబ్‌సైటుకూ ఉంటుంది విషయసూచిక!

పిల్లలూ! కొత్త వాచకం చేతికి రాగానే ముందుగా ఏ పుట తిప్పుతారు? విషయసూచిక కదూ! ఏ పాఠం ఎక్కడుందో అదే చెబుతుంది. వెబ్‌సైటుకు కూడా అలాంటి సూచిక ఉంటుంది. దాన్ని సైట్‌మ్యాప్ అంటారు. ఈ పాఠాన్ని అమ్మానాన్నలతో కలిసి కంప్యూటరు ముందు కూర్చుని చదవండి.

సైట్‌మ్యాప్‌లు రెండు రకాలు

మొదటిది మనుషుల కోసం. ముఖపుట అట్టడుగున 'సైట్‌మ్యాప్' అనే లింకు ఉంటే, దాన్ని నొక్కగానే ముఖ్యమైన పుటల పట్టిక వస్తుంది.

రెండవది గూగుల్, బింగ్ వంటి శోధనయంత్రాల కోసం. ఇది ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతిలో రాసిన ఫైలు. 2005లో గూగుల్ దీన్ని ప్రవేశపెట్టింది. 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా అంగీకరించడంతో అందరికీ ఒకే పద్ధతి ఏర్పడింది. ఒక ఫైలులో 50,000 చిరునామాలకు మించి ఉండకూడదు. అంతకంటే ఎక్కువైతే చాలా ఫైళ్ళు చేసి, వాటన్నిటికీ మరో సూచిక పెడతారు.

వెతకడం ఎలా?

1. ముందు ముఖపుట అడుగుభాగం చూడండి.

2. అక్కడ లేకపోతే, వెబ్‌సైటు చిరునామా చివర స్లాష్ పెట్టి 'సైట్‌మ్యాప్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్' అని ఇంగ్లీషు అక్షరాలలో, ఖాళీలు లేకుండా టైపు చేయండి. వర్డ్‌ప్రెస్‌తో చేసిన సైటయితే 'డబ్ల్యూపి హైఫన్ సైట్‌మ్యాప్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్' అని ప్రయత్నించండి. 2020లో వచ్చిన 5.5 వెర్షను నుంచి వర్డ్‌ప్రెస్ దీన్ని తనంతట తానే తయారుచేస్తోంది.

3. అప్పటికీ దొరకకపోతే స్లాష్ తర్వాత 'రోబోట్స్ డాట్ టిఎక్స్‌టి' అని కొట్టండి. శోధనయంత్రాలు ఎక్కడికి రావచ్చో, ఎక్కడికి రాకూడదో చెప్పే చీటీ ఇది. అందులో 'సైట్‌మ్యాప్' అని మొదలయ్యే వరుస ఉంటే, అసలు చిరునామా దాని పక్కనే ఉంటుంది.

ఇన్ని చేసినా కనబడకపోతే ఆ సైటుకు సైట్‌మ్యాప్ లేకపోవచ్చు. అన్ని సైట్లకూ ఉండాలన్న నియమం లేదు.

మనకెందుకు?

మన బడి వంటి చిన్న సంస్థల సైట్లలో ముఖపుట మారినప్పుడల్లా పాత లింకులు పోతుంటాయి. పుటలు మాత్రం లోపలే ఉండిపోతాయి. అక్కయ్య చిన్నప్పుడు రాసిన తెలుగు కథ అలా మరుగున పడి ఉండవచ్చు. సైట్‌మ్యాప్ చూస్తే అది మళ్ళీ దొరకవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. అదే దారిన పాత ఫోను నంబర్ల జాబితా, పిల్లల ఫొటోలు కూడా పైవాళ్ళకు దొరకవచ్చు. సైట్‌మ్యాప్ నుంచి పేరు తీసేసినా పుట పోదు. రోబోట్స్ చీటీలో వద్దని రాయడమంటే, గేటుకు 'లోపలికి రావద్దు' అని బోర్డు తగిలించి గొళ్ళెం పెట్టకపోవడమే! అలాంటి పుటను పూర్తిగా తొలగించాలి, లేదా పాస్‌వర్డు పెట్టాలి. ఏడాదికొకసారైనా మన సైటు సూచికను మనమే చదువుకోవడం మంచిది.

అభ్యాసం

1. మీకిష్టమైన ఒక వెబ్‌సైటు సైట్‌మ్యాప్‌ను కనిపెట్టండి. ఎన్నో మెట్టులో దొరికింది?
2. ముఖపుట నుంచి లింకు లేని పుట ఏదైనా అందులో ఉందా?
3. ముఖపుట, శోధనయంత్రం, చిరునామా: ఈ పదాలతో సొంత వాక్యాలు రాయండి.