విరేచనాలవుతున్న బిడ్డకు ఏం తాగించాలి?

ఎండలు ముదిరినప్పుడు ఒకసారి, తొలకరి వానలకు మురుగు వచ్చి మంచినీళ్ళలో కలిసినప్పుడు మరొకసారి. ప్రతి ఏటా ఈ రెండు కాలాల్లో పిల్లల వార్డులో మంచాలు చాలవు. వచ్చేవారిలో ఎక్కువమంది రెండేళ్ళలోపు పసివాళ్ళు. నీళ్ళ విరేచనాలు కొత్త జబ్బు కాదు. దానికి మందు కూడా కొత్తది కాదు, ఖరీదైనదీ కాదు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లలు ఏటా 4 లక్షల మందికి పైగా ఈ జబ్బుతోనే చనిపోతున్నారు. మన దేశంలో 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, విరేచనాలైన పిల్లల్లో నూటికి సుమారు 60 మందికే ఓ.ఆర్.ఎస్. అందినట్టు తేలింది. మిగిలిన 40 మందికి ఏం పట్టించారు? ఓ.ఆర్.ఎస్. ఇచ్చామని చెప్పినవారు ఇచ్చింది నిజంగా అదేనా, దాన్ని సరిగ్గా కలిపారా? ఈ నెల పాఠంలో ఈ ప్రశ్నలనే తీసుకుంటున్నాము.

ప్రాణం మీదికి తెచ్చేది నీరు పోవడమే

విరేచనాలు పట్టుకోగానే ఇంట్లో అందరి దృష్టీ వాటిని ఎలా ఆపాలా అన్నదాని మీదే ఉంటుంది. డాక్టరు చూసేది వేరు. బిడ్డ ఒంట్లో నీరు, ఉప్పు ఎంత మిగిలాయి అన్నదే ఆయన మొదట చూస్తాడు. చాలా విరేచనాలు నాలుగైదు రోజుల్లో, మహా అయితే వారంలో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆలోగా నీరు ఇంకిపోతేనే ప్రమాదం. 8 కిలోల బిడ్డ ఒంట్లోంచి 800 మి.లీ. నీరు పోయిందంటే బరువులో పదోవంతు పోయినట్టు. అంటే ఒక మంచినీళ్ళ సీసా కూడా నిండని నీరు. పెద్దవాళ్ళకు అది పెద్ద లెక్క కాకపోవచ్చు, ఆ బిడ్డకు మాత్రం ప్రాణాపాయం. పొద్దున ఆడుకుంటున్న బిడ్డ సాయంత్రానికి కళ్ళు తేలవేయడం ఇందువల్లనే జరుగుతుంది.

మరి తాగించిన నీళ్ళు కూడా విరేచనంలోనే పోతాయి కదా అని చాలామంది తల్లులు అడుగుతారు. మంచి ప్రశ్నే. పేగు గోడలో ఒక చిన్న ఏర్పాటు ఉంది. ఉప్పులోని సోడియం, గ్లూకోజు జంటగా వస్తే పేగు వాటిని లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీటిని కూడా లాక్కుంటుంది. విరేచనాలు ఎంత తీవ్రంగా ఉన్నా ఈ దారి చాలావరకు తెరిచే ఉంటుంది. అందుకే వట్టి నీళ్ళు చేయలేని పని ఉప్పు, గ్లూకోజు తగుపాళ్ళలో కలిసిన నీళ్ళు చేస్తాయి.

ఇక్కడ 'తగుపాళ్ళు' అన్న మాటే ముఖ్యం. చక్కెర మోతాదు మించితే కథ తిరగబడుతుంది. పేగులో చేరిన ఎక్కువ చక్కెర, ఒంట్లో ఉన్న నీటిని కూడా పేగులోకి గుంజుతుంది. విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి.

దీని బలం ఎంతటిదో 1971లో లోకానికి తెలిసింది. బంగ్లాదేశ్ యుద్ధం నుండి పారిపోయి వచ్చిన శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శిబిరంలో కలరాతో రాలిపోతున్నారు. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కొలిచి ప్యాకెట్లు కట్టించి, డ్రమ్ముల్లో కలిపించి, తాగించే పనిని రోగుల బంధువులకే అప్పగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు అక్కడ 4 లోపుకు దిగాయి. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది భారత ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆ శిబిరంలో గ్లాసు పట్టుకుని రోగి పక్కన కూర్చున్నది ఎక్కువగా తల్లులు, అక్కలు, అన్నలే. ఇప్పుడు మీ ఇంట్లో చేయవలసిన పనీ అదే.

డబ్బా మీది మూడు అక్షరాలు

ఇప్పుడు మనం వాడే ఓ.ఆర్.ఎస్. పాళ్ళను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించింది. లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, మామూలు ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సిట్రేటు 2.9 గ్రాములు. అన్నీ కలిపి 20.5 గ్రాములు. గ్లూకోజు అంకెను గుర్తు పెట్టుకోండి.

కొన్నేళ్ళుగా మందుల షాపుల్లో, ఆసుపత్రుల ముందరి కొట్లలో, రైల్వే స్టేషన్లలో కాగితపు డబ్బాల్లో తియ్యటి పానీయాలు వచ్చి చేరాయి. ఆపిల్ రుచి, నారింజ రుచి. పేరులో ఎక్కడో ఒకచోట ఓ.ఆర్.ఎస్. అన్న మూడు అక్షరాలు పెద్దగా కనబడేవి. ఇలాంటి పండ్లరసం పానీయాల్లో లీటరుకు చక్కెర 100 గ్రాములు దాటి ఉండడం మామూలే. పైన చెప్పిన 13.5 గ్రాములతో పోల్చి చూడండి. ఉప్పు, పొటాషియం మాత్రం కావలసినంత ఉండవు. ఎండలో తిరిగి వచ్చిన పెద్దవాడు దాహానికి తాగితే అది వేరు సంగతి. విరేచనాలతో వాడిపోయిన పసిబిడ్డకు అదే పట్టిస్తే మందు ఇస్తున్నామనుకుని జబ్బును పెంచినట్టే.

హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం కూడా వేశారు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022లో ఒకసారి ఈ పేర్లు వాడవద్దని చెప్పి, కొద్ది నెలలకే మెత్తబడింది. 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓ.ఆర్.ఎస్. కాదు' అని ఒక హెచ్చరిక ముద్రిస్తే చాలు, పేరు ఉంచుకోవచ్చంది. ఆ హెచ్చరిక ఏ భాషలో, ఎంత అక్షరాల్లో ఉంటుందో డబ్బా చూసినవారికి తెలుసు. అర్ధరాత్రి బిడ్డను భుజాన వేసుకుని షాపుకు పరుగెత్తిన తండ్రి దాన్ని చదువుతాడా? చివరికి 2025 అక్టోబరు 14న ఆ సంస్థ ఆ అనుమతులను రద్దు చేసింది. ముందు ఒక మాట, వెనుక ఒక మాట తగిలించి కూడా ఆహార పానీయాల పేర్లలో ఓ.ఆర్.ఎస్. అని రాయరాదని ఆదేశించింది.

అంతటితో మన జాగ్రత్త తీరలేదు. ఆదేశం పేరు గురించే. అదే పానీయం మరొక పేరుతో, అదే రంగు డబ్బాలో అమ్మకానికి ఉండవచ్చు. షాపులో "విరేచనాలకు ఏదైనా ఇవ్వండి" అని అడగకండి. "పొడి ప్యాకెట్టు ఇవ్వండి, డబ్ల్యు.హెచ్.ఓ. ఫార్ములాది" అని అడగండి. అసలైన ఓ.ఆర్.ఎస్. ఒక మందు. ప్యాకెట్టు మీద ఆ ఫార్ములా మాట, ఎన్ని నీళ్ళలో కలపాలో ఆ కొలత ఉంటాయి. కలిపి సిద్ధంగా అమ్మే అసలు ఓ.ఆర్.ఎస్. కూడా ఉంది గాని, దాని మీద కూడా ఈ ఫార్ములా మాట ఉందో లేదో చూసుకోవాలి. ఇవేవీ తెలియకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి, లేదా మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి. ప్యాకెట్టు ఉచితంగా ఇస్తారు. ఉచితంగా ఇచ్చేది కాబట్టి తక్కువ రకం అనుకునేవారు కొందరున్నారు. ఈ విషయంలో మాత్రం ఆ ఉచిత ప్యాకెట్టే రంగు డబ్బా కన్నా మేలు.

గ్లూకోజు పొడి కూడా ఓ.ఆర్.ఎస్. కాదు. కూల్‌డ్రింకులు, టీ, పండ్లరసం డబ్బాలు అసలే వద్దు.

కలపడంలోనే ఉంది అంతా

సరైన ప్యాకెట్టు దొరికాక కూడా పొరపాటు జరిగే చోటు ఇదే. పెద్ద ప్యాకెట్టు లీటరు నీటికి, చిన్నది 200 మి.లీ. నీటికి. రెండూ చూడడానికి దాదాపు ఒకలాగే ఉంటాయి. లీటరు ప్యాకెట్టును ఒక గ్లాసులో కలిపితే ఉప్పు ఐదు రెట్లు అవుతుంది. రక్తంలో సోడియం పెరిగిపోయి బిడ్డకు ఫిట్స్ రావచ్చు. నీళ్ళు ఎక్కువైతే ఉప్పు చాలక మందు పనిచేయదు. చెంచాడు పొడి ఇప్పుడు, చెంచాడు రేపు అని విడగొట్టడం కూడా వద్దు. ప్యాకెట్టు విప్పితే మొత్తం ఒకేసారి కలపాలి.

ఇంట్లో గ్లాసులు రకరకాలు. కొలతకు అందరికీ అందుబాటులో ఉన్నది షాపులో అమ్మే లీటరు మంచినీళ్ళ సీసా. ఒక సీసాను శుభ్రంగా కడిగి దీనికోసమే ఉంచుకోండి. కాచి చల్లార్చిన నీళ్ళు అందులో నిండా కొలిచి, శుభ్రమైన గిన్నెలో పోసి, పొడి అంతా వేసి, కరిగేదాకా కలిపి, మూత పెట్టండి. పాలు, చక్కెర, నిమ్మరసం ఏవీ కలపవద్దు. కలిపాక మళ్ళీ కాచవద్దు. 24 గంటలు దాటితే మిగిలినది పారబోసి కొత్తది కలపాలి. పారబోయడానికి చేయి రాకపోతే మొదటే 200 మి.లీ. ప్యాకెట్లు తెచ్చుకోవడం మంచిది.

విరేచనమైన ప్రతిసారీ రెండేళ్ళలోపు బిడ్డకు 50 నుండి 100 మి.లీ., అంతకు పెద్ద పిల్లలకు 100 నుండి 200 మి.లీ. తాగించాలి. సీసాలో పోసి నోట్లో పెట్టవద్దు. చెంచాతోనో, ఉగ్గుగిన్నెతోనో కొంచెం కొంచెంగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకు ఒక చెంచా చొప్పున మళ్ళీ మొదలుపెట్టండి. "తాగిందంతా కక్కేస్తోంది, ఇక లాభం లేదు" అని మానేసే తల్లులు ఎక్కువ. బిడ్డ కక్కినట్టు కనబడినా లోపల కొంత నిలుస్తుంది. ఓపిక పట్టాలి. ఈ పనికి అమ్మమ్మలు, నాయనమ్మలు మా నర్సుల కన్నా సమర్థులని మా అభిప్రాయం.

ప్యాకెట్టు చేతికి అందేదాకా ఉప్పు వేసిన పలచని గంజి, ఉప్పు మజ్జిగ ఇవ్వవచ్చు. లీటరు నీటిలో చక్కెర ఆరు చిన్న చెంచాలు, ఉప్పు అర చెంచా, రెండూ తలకొట్టి కొలిచి కలిపినా పనికి వస్తుంది. బిడ్డకు పట్టే ముందు మీరు రుచి చూడండి. కన్నీళ్ళ కన్నా ఉప్పగా ఉంటే పారబోయండి.

పాలు మాన్పించవద్దు

ఆదివారం ఆరాధన అయ్యాక మమ్మల్ని ఆపి అడిగే ప్రశ్నల్లో ఇది మొదటిది. తల్లిపాలు మాన్పించనే వద్దు, ఇంకా ఎక్కువసార్లు ఇవ్వాలి. అన్నం తినే పిల్లలకు మెత్తటి పెరుగన్నం, పప్పన్నం, ఇడ్లీ, అరటిపండు పెట్టండి. కడుపు మాడిస్తే విరేచనాలు ఆగవు, బిడ్డ మాత్రం చిక్కిపోతుంది. చిక్కిన బిడ్డకు విరేచనాలు మళ్ళీ త్వరగా పట్టుకుంటాయి.

పళ్ళు వస్తున్నాయి కాబట్టి విరేచనాలు మామూలేనని కొందరు ఊరుకుంటారు. పళ్ళు వచ్చే వయసులోనే బిడ్డ పాకుతుంది, కనబడినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. క్రిములు ఆ దారిన వస్తాయి. దిష్టి తీయించడానికి వెళ్ళి ఒక పూట పోగొట్టుకోవడం కూడా చూస్తున్నాము.

ఇంకొక కోరిక, "ఒక సీసా ఎక్కించండి డాక్టరుగారూ". తాగగలిగిన బిడ్డకు నోటి ద్వారా ఇచ్చిందే మేలు. నీరు మరీ ఇంకిపోయి, తాగలేని స్థితికి వచ్చినప్పుడే సెలైన్ అవసరం. అలాగే విరేచనాలు కట్టేసే మాత్రలు పసిపిల్లలకు ఇవ్వరాదు. పేగు కదలిక ఆగి కడుపు ఉబ్బుతుంది, ప్రాణం మీదికి రావచ్చు. యాంటీబయాటిక్ మందులు రక్త విరేచనాలకు, కలరాకు తప్ప సాధారణంగా అవసరం ఉండవు.

అవసరమైన మాత్ర ఒకటుంది, జింకు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మి.గ్రా., రెండు నుండి ఆరు నెలలవారికి 10 మి.గ్రా., 14 రోజులు ఇవ్వాలి. చెంచాలో తల్లిపాలతోనో కాచిన నీళ్ళతోనో కరిగించి పట్టాలి. మూడో రోజుకు విరేచనాలు తగ్గగానే మాత్రలు అటక ఎక్కుతాయి. 14 రోజులూ పూర్తి చేస్తే రాబోయే రెండు మూడు నెలల్లో విరేచనాలు మళ్ళీ వచ్చే అవకాశం తగ్గుతుంది.

పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలకు రోటా వైరస్ పెద్ద కారణం. దానికి నోటి చుక్కల టీకా ఉంది. హైదరాబాదులో తయారైన ఈ టీకాను పరీక్షించిన మూడు చోట్లలో మన మిషను ఆసుపత్రుల కుటుంబానికి చెందిన వెల్లూరు ఒకటి. 2016లో ప్రభుత్వం ఈ టీకాలను మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. 2019 నాటికి దేశమంతటా అందుబాటులోకి వచ్చాయి. 6, 10, 14 వారాలకు ఉచితంగా ఇస్తారు.

ఎప్పుడు ఆగకూడదు

బిడ్డ మత్తుగా పడి ఉన్నా, కళ్ళు గుంటలు పడినా, నడినెత్తిన మెత్తగా ఉండే మాడు లోపలికి దిగినా, పొట్ట మీది చర్మాన్ని మడతపెట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా ఇంట్లో ఉంచవద్దు. ఆరు గంటలుగా మూత్రం పోయకపోవడం, విరేచనంలో రక్తం, తాగలేకపోవడం, ఆగని వాంతులు, ఎక్కువ జ్వరం, ఫిట్స్ కూడా అంతే. రెండు నెలలలోపు పసికందును, మరీ బక్కచిక్కిన బిడ్డను ఈ గుర్తులు కనబడేదాకా ఆగకుండా మొదటి రోజే తీసుకురండి. దారిలో కూడా ఓ.ఆర్.ఎస్. చెంచాతో పడుతూనే ఉండండి. మత్తులో ఉన్న బిడ్డ నోట్లో మాత్రం పోయవద్దు.

వచ్చేటప్పుడు ఇంతవరకు తాగించిన పొడి ప్యాకెట్టునో డబ్బానో పారేయకుండా వెంట తెండి. ఎన్ని నీళ్ళలో కలిపారో, బిడ్డ చివరిసారి ఎప్పుడు మూత్రం పోసిందో చెప్పండి. రక్తపరీక్ష ఫలితం చేతికి రాకముందే మేము ఏం చేయాలో సగం దాన్నిబట్టే తేలుతుంది.