ఇరుకు మలుపు - పెద్ద సామాను

ఇల్లు మారునప్పుడు గాని, క్రొత్త సామాను తెచ్చినప్పుడు గాని ఒక ప్రశ్న తప్పక ఎదురగును: ఇది లోపలికి పట్టునా? సాధారణముగా మనము వస్తువు వెడల్పును ద్వారము వెడల్పుతో పోల్చి తృప్తి చెందుదుము. కాని ద్వారము దాటిన వస్తువు నడవ మలుపులో చిక్కుకొనుట అరుదు కాదు. అప్పుడు బలప్రయోగము మొదలగును. గోడ సున్నము రాలును. మోయువారి వ్రేళ్ళు నలుగును. ఇచట లోపించినది బలము కాదు, ఆలోచన.

ఒక ఉదాహరణము గ్రహింతము. 3 అడుగుల వెడల్పు గల నడవ లంబకోణముగా తిరిగి, అంతే వెడల్పు గల మరొక నడవలో కలియుచున్నదనుకొనుడు. ఇనుప బీరువా ఎత్తు ఆరున్నర అడుగులు, వెడల్పు 3 అడుగులు, లోతు ఒకటిన్నర అడుగు. అట్టి మలుపులో తిరుగగల వస్తువు గరిష్ఠ పొడవును తెలిసికొనుటకు నడవ వెడల్పును 1.414తో గుణించి, వస్తువు అడ్డుకొలతను తీసివేసి, శేషమును రెట్టింపు చేయవలెను. ఇచట అది సుమారు ఐదున్నర అడుగులు. కావున ప్రక్కకు పండబెట్టిన బీరువా తిరుగదు. నిలువబెట్టినచో నేలపై దాని పొడవు 3 అడుగులే. ద్వారబంధము ఎత్తు చాలినచో సులభముగా తిరుగును. వస్తువు మారలేదు, దానిని పట్టిన తీరు మారినది.

ఈ సూత్రమును చదువకయే ఈ మర్మమును హమాలీలు అనుభవముచే ఎరుగుదురు. బరువు మోయువాడను అర్థము గల అరబ్బీ పదము 'హమ్మాల్' నుండి వచ్చినదే హమాలీ. సోఫా అను మాటకు సైతము మూలము అరబ్బీలోని 'సుఫ్ఫా'.

ఆ సోఫాయే గణితశాస్త్రములో ఒక ప్రసిద్ధ సమస్యకు పేరైనది. 1 ప్రమాణము వెడల్పు గల నడవ మలుపును, పైకెత్తకుండ నేలపైననే జరుపుచు దాటింపగల ఆకారములలో అత్యధిక వైశాల్యము గలది ఏది? ఈ ప్రశ్నను 1966లో లియో మోజర్ ప్రకటించెను. చతురస్రము వైశాల్యము 1 మాత్రమే. 1 ప్రమాణము వ్యాసార్ధము గల అర్ధవృత్తము దాదాపు 1.57 వైశాల్యముతో మలుపు దాటును. 1968లో జాన్ హామర్స్‌లీ టెలిఫోను రిసీవరును పోలిన ఆకారముతో దానిని 2.2074కు పెంచెను. లోపలి మూల ఇముడుటకై మధ్య భాగమును అర్ధవృత్తాకారముగా తొలగించుటయే అందలి నేర్పు. 1992లో జోసెఫ్ గెర్వర్ 18 భాగముల అంచు గల ఆకారముతో సుమారు 2.2195 సాధించెను. అంతకు మించినది లేదను నిరూపణను జినాన్ బేక్ 2024లో వెలువరించెను. ప్రశ్నకును ఆ నిరూపణకును నడుమ 58 ఏండ్లు గడచినవి!

గణితజ్ఞుడు వస్తువును పైకెత్తరాదు. మనకట్టి నిర్బంధము లేదు. నిలువబెట్టవచ్చును, వాల్చవచ్చును, మంచమైనచో కోళ్ళు, పట్టెలు ఊడదీయవచ్చును. కాని అన్నింటికి ముందు కొలవవలెను. ద్వారము ఎత్తు, వెడల్పు, నడవ, మలుపు, మెట్లపై కప్పు ఎత్తు - ఇవి వ్రాసికొనిన పిదపనే సామాను కొనుట వివేకము.

విద్యార్థులారా! తరగతిలోని రేఖాగణితము పరీక్షాపత్రముతో ముగియునది కాదు. కొలబద్దతో మనము వెచ్చించు పది నిమిషములు, మన ఇంటి బరువు మోయుటకు వచ్చిన శ్రామికుని వ్రేళ్ళను కాపాడగలవు.