తెర వెనుకటి సాధన – నాటక ప్రచారము

నాటకమునకు జనులను రప్పించుటకు గోడపత్రికలు, కరపత్రములు మాత్రమే దిక్కైన కాలము గడచినది. ఇప్పుడు సంగీతనాటకములవారు తమ సాధనను, వేషధారణను, అలసటను గూడ చిన్న వీడియోలుగా తీసి చూపుచున్నారు.

ఇందుకు న్యూయార్కు నగరమందలి 'టైటిల్ ఆఫ్ షో' మంచి ఉదాహరణము. దరఖాస్తు ఫారములో నాటకము పేరు వ్రాయవలసిన చోటనున్న మాటలనే హంటర్ బెల్, జెఫ్ బోవెన్ అను మిత్రులు దానికి పేరుగా నుంచిరి. కథ యన, ఆ నాటకమును వారు వ్రాసికొనిన కథయే! 2004లో నాటకోత్సవమునను, 2006లో చిన్న రంగశాలయందును ఆడిన పిదప, బ్రాడ్వే చేరవలెనను తమ ప్రయత్నములనే వారు వీడియోలుగా యూట్యూబులో నుంచసాగిరి. చూచినవారికి నటులు ఇరుగుపొరుగువారివలె పరిచితులైరి. వీరికేమగునో యను ఆతురత కలిగెను. 2008 జూలైలో నాటకము బ్రాడ్వేలోని లైసియం రంగశాల కెక్కెను. అయినను అక్టోబరులోనే ముగిసెను. వీడియోకు వెల లేదు, నాటకమునకు టిక్కెట్టు కొనవలెను గదా!

మన వార్షికోత్సవ నాటకములకు ఈ పద్ధతి తగునా? కొంత తగునని మా అభిప్రాయము. ఇంటిలో తెలుగు వినుట తగ్గిన బాలుడు ఒక వాక్యమును పదిసార్లు తప్పి, పదునొకండవసారి సరిగా పలుకుట సాధనలోనే కనబడును. కాని ఆ తప్పులను చూచి లోకము నవ్వెనేని వాడు మరల తెలుగున నోరు విప్పడు. బ్రాడ్వే నటులు పెద్దలు. తమ ఇష్టముచే చూపుకొనిరి. కావున మన వీడియోలు తల్లిదండ్రులకే పంపుదుము. అదియును మీ అనుమతిపత్రము చేరిన పిమ్మటనే.