స్టీరింగు చెప్పే మాట

చింతపల్లిలో ఒక డ్రైవరు ఉన్నాడు. అతనికి ఒక పాత కారు ఉంది. రోజూ చింతపల్లి నుంచి నర్సీపట్నం దాకా బాడుగకి తిప్పుతాడు. మధ్యలో లంబసింగి ఘాట్ రోడ్డు. అన్నీ మలుపులే. ఒక పక్క కొండ, మరో పక్క లోయ.

నెల రోజులుగా కారు ఎడమ పక్కకి లాగుతోంది. స్టీరింగు కొంచెం తిప్పితే చక్రాలు కదలడం లేదు. గుంటలో పడితే ముందు చక్రం దగ్గర టక్ టక్ మని చప్పుడు. "పాత బండి. ఇలాగే ఉంటుంది" అనుకున్నాడు డ్రైవరు.

ఒక సాయంత్రం పక్కింటాయన వచ్చాడు. "తమ్ముడూ, రేపు పొద్దున్నే మీ వదినని నర్సీపట్నం ఆసుపత్రిలో చూపించాలి. నెలలు నిండాయి. కారు తెస్తావా?" అని అడిగాడు.

డ్రైవరు సరేనన్నాడు. అతని భార్య మాత్రం ఊరుకోలేదు. "నిండు మనిషిని ఎక్కించుకుంటున్నావు. ముందు ఆ చప్పుడేమిటో మేస్త్రీకి చూపించు" అంది.

మేస్త్రీ ముందుగా టైర్లలో గాలి చూశాడు. కుడి టైరులో 33 పాయింట్లు ఉంది. ఎడమ టైరులో 22 మాత్రమే ఉంది. "గాలి తక్కువున్న పక్కకి బండి లాగుతుంది" అన్నాడు.

తర్వాత జాకీ పెట్టి ముందు చక్రం పైకి లేపాడు. టైరును రెండు పక్కలా పట్టుకుని ఊపాడు. టక్ టక్ మంది. కిందకి వంగి చూశాడు.

"ఇదిగో, టై రాడ్ ఎండ్. స్టీరింగు తిప్పితే చక్రాన్ని తిప్పేది ఇదే. దీని రబ్బరు బూటు చినిగింది. దుమ్ము, నీళ్ళు లోపలికి పోయాయి. గ్రీజు పోయింది. లోపలి గుండు అరిగిపోయింది. ఇది ఊడితే చక్రం నీ మాట వినదు."

"ఘాట్ మలుపులో ఊడి ఉంటే?" డ్రైవరుకి చెమటలు పట్టాయి.

ఆ రాత్రే కొత్తది వేయించాడు. టైర్లలో గాలి సరిచేయించాడు. పొద్దున్నే వదినని నెమ్మదిగా, క్షేమంగా ఆసుపత్రికి చేర్చాడు. మేస్త్రీ చెప్పినట్టు నర్సీపట్నంలోనే చక్రాల అలైన్‌మెంట్ చేయించాడు.

గుర్తులు, కారణాలు

1. ఒక పక్కకి లాగడం: టైర్లలో గాలి తేడా, అలైన్‌మెంట్ తప్పడం, ఒక చక్రానికి బ్రేకు పట్టేయడం.
2. వేగంగా పోతే స్టీరింగు వణకడం: చక్రాల బ్యాలెన్సింగు తప్పడం.
3. స్టీరింగు బరువుగా తిరగడం: గాలి తగ్గడం. కొన్ని కార్లలో పవర్ స్టీరింగు ఆయిలు తగ్గడం. మోటారుతో నడిచే స్టీరింగు అయితే ముందు బోర్డు మీద స్టీరింగు బొమ్మ వెలుగుతుంది. వెంటనే చూపించాలి.
4. స్టీరింగు వదులుగా ఉండడం: టై రాడ్ ఎండ్, బాల్ జాయింటు వంటివి అరగడం. ఇలాంటి బండి నడపకూడదు.

జాగ్రత్తలు

వారానికొకసారి గాలి చూడాలి. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీద ఉంటుంది. ఆ అంకెలు చదవండి.

గుంటల్లో నెమ్మదిగా పోవాలి. నిలిపిన బండిలో స్టీరింగు బలవంతంగా తిప్పకూడదు. సర్వీసు చేయించినప్పుడల్లా రబ్బరు బూట్లు చూడమనాలి.

జవాబులు చెప్పండి

1. కారు ఎడమ పక్కకి ఎందుకు లాగింది?
2. రబ్బరు బూటు చినిగితే ఏమవుతుంది?
3. మీరు ఎక్కే బండిలో స్టీరింగు వదులుగా ఉంటే డ్రైవరుతో ఏమంటారు?