లాటినో విద్యార్థి కాలేజీ ఖర్చు: ఏ డబ్బు ముందు, ఏది తర్వాత

శాన్ ఆంటోనియో హైస్కూల్లో కౌన్సెలర్‌గా చేరుతున్న మేనకోడలికి, ఆశీస్సులతో

అమెరికాలో ఆదాయం తక్కువున్న ఇంటి లాటినో విద్యార్థి కాలేజీ ఖర్చులో పెద్ద భాగాన్ని లాటినో పేరున్న స్కాలర్‌షిప్‌లు మోయవు. మోసేవి వేరే ఉన్నాయి. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు, రాష్ట్ర ప్రభుత్వ గ్రాంటు, కాలేజీ తన సొంత నిధి నుంచి ఇచ్చే సాయం. వీటిలో పెల్ గ్రాంటు చూసేది ఇంటి ఆర్థిక స్థితినే, జాతిని కాదు. లాటినో సంఘాలూ కంపెనీలూ ఇచ్చే స్కాలర్‌షిప్‌లు ఇవన్నీ పోగా మిగిలిన లోటు పూడ్చడానికి పనికొస్తాయి. బళ్లలో మాత్రం ఈ వరుస తరచు తలకిందులవుతుంది. 500 డాలర్ల బహుమతి కోసం పిల్లవాడు నాలుగు వారాలు వ్యాసం దిద్దుకుంటాడు. 7 వేల డాలర్లు తెచ్చే ప్రభుత్వ ఫారం మాత్రం సగం నింపి వదిలేస్తాడు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ చూసి పెరిగిన తెలుగువారికి ఇక్కడి పద్ధతి మొదట్లో అంతుపట్టదు. అక్కడ ఎమ్మార్వో ఆఫీసు నుంచి కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం తెస్తే దారి తెరుచుకుంటుంది. ఇక్కడ ఒకరు లాటినో అని ధ్రువీకరించే ఆఫీసే లేదు, ఫారంలో విద్యార్థే గుర్తు పెట్టుకుంటాడు. హిస్పానిక్ అంటే స్పానిష్ భాషా మూలాలున్నవారు, లాటినో అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవారు. సాధారణ వాడుకలో బ్రెజిల్ కుటుంబపు పిల్ల లాటినా అవుతుంది గాని హిస్పానిక్ కాదు. స్పెయిన్ నుంచి వచ్చినవారి సంగతి దీనికి సరిగ్గా ఎదురు. పోలిక కుదిరేది ఒక్కచోట: పెల్ డబ్బు కూడా ముందు కాలేజీ ఖాతాలోనే జమవుతుంది. ఫీజు పోగా మిగిలితే అది విద్యార్థి చేతికి వస్తుంది.

పెల్ గ్రాంటు 1972లో మొదలైంది. దాని కోసం పాటుపడిన రోడ్ ఐలండ్ సెనేటర్ క్లేబోర్న్ పెల్ పేరు తర్వాత దానికి పెట్టారు. 2025-26 విద్యా సంవత్సరానికి గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. ఇది అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు. మొత్తం మీద 12 సెమిస్టర్లకు సమానమైన కాలం వరకే దొరుకుతుంది కనుక తరచు కోర్సు మార్చే విద్యార్థికి ఆ లెక్క ముందే చెప్పి ఉంచడం మంచిది.

దీనికి దారి ఫాఫ్సా అనే ఉచిత దరఖాస్తు. అది స్పానిష్‌లోనూ దొరుకుతుంది. లాటినో ఇళ్లలో చిక్కుముడి పడేది ఇక్కడే. పిల్లవాడు అమెరికాలో పుట్టిన పౌరుడై ఉంటాడు, తల్లికో తండ్రికో సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు. అయినా పిల్లవాడు పెల్‌కు అర్హుడే. నంబరు లేని తల్లిదండ్రులు కూడా ప్రభుత్వ సైట్‌లో తమ ఖాతా తెరిచి తమ భాగం నింపవచ్చు. ఈ మాట కాగితం మీద ఉన్నంత సాఫీగా నడవలేదు. 2024-25కు కొత్తగా తెచ్చిన ఫారం 2023 డిసెంబర్ చివరిదాకా తెరుచుకోలేదు. తెరుచుకున్నాక కూడా నంబరు లేని తల్లిదండ్రుల భాగం ముందుకు కదలక 2024 మార్చి వరకు ఎన్నో కుటుంబాలు ఎదురుచూశాయి. ఆ ఏడాది విసిగిపోయిన ఇళ్లలో చిన్నపిల్లలు ఇప్పుడు పై తరగతులకు వచ్చి ఉంటారు. వాళ్ల తల్లుల విసుగును సోమరితనం అనుకోవడం పొరపాటు.

విసుగు కంటే భయం పెద్దది. తల్లిదండ్రులు దేశంలో ఏ హోదాలో ఉన్నారని ఫారం అడగదు. కాని నంబరు లేకపోవడమే చాలా సంగతులు చెప్పేస్తుందని వాళ్లకు తెలుసు. ఈ భయాన్ని 'ఏం కాదులే' అని కొట్టిపారేసే హక్కు కౌన్సెలర్‌కు లేదు. ఫారం ఏం అడుగుతుందో, నింపితే ఎంత డబ్బు వస్తుందో, నింపకపోతే ఏం పోతుందో తెలిపి, నిర్ణయం కుటుంబానికి వదలాలి. హోదా గురించిన ప్రశ్నలను ఇమ్మిగ్రేషన్ లాయర్‌కే అప్పగించాలి. పెద్దకొడుకు విషయంలో వెనక్కి తగ్గిన కుటుంబం చిన్నకూతురి విషయంలో ముందుకు రావచ్చు. తలుపు మూయకుండా ఉంచడమే బడి చేయగల మేలు.

విద్యార్థికే పత్రాలు లేనప్పుడు కథ వేరు. టెక్సస్‌లోని టైలర్ పట్టణం నుంచి వెళ్లిన కేసులో 1982లో సుప్రీంకోర్టు, పత్రాలు లేని పిల్లలను ప్రభుత్వ బడులు కాదనకూడదని చెప్పింది. ఆ తీర్పు బడితోనే ఆగుతుంది, కాలేజీ ఖర్చు దాకా రాదు. పత్రాలు లేనివారికీ, చిన్నప్పుడే పత్రాలు లేకుండా వచ్చినవారిని దేశం నుంచి పంపేయకుండా ఆపే డాకా రక్షణ (2012లో మొదలైంది) ఉన్నవారికీ ఫెడరల్ సాయం అందదు. ప్యూర్టోరికోవారు మాత్రం పుట్టుకతోనే అమెరికా పౌరులు, వాళ్లను ఈ లెక్కలో కలిపి బెదరగొట్టకూడదు.

ఇక రాష్ట్రాల దారి. తమ హైస్కూళ్లలో చదివినవారికి పత్రాలు లేకపోయినా స్థానికుల ఫీజే తీసుకోవాలని 2001లో మొదట టెక్సస్, తర్వాత కాలిఫోర్నియా చట్టం చేశాయి. కాలిఫోర్నియా 2011లో రాష్ట్ర గ్రాంట్లకూ దారి తెరిచింది, దానికి విడిగా డ్రీమ్ యాక్ట్ దరఖాస్తు ఉంది. టెక్సస్‌లో 2025 జూన్‌లో కేంద్ర న్యాయశాఖ దావా వేసింది, రాష్ట్రం అడ్డుచెప్పలేదు, ఆ రోజే కోర్టు చట్టాన్ని ఆపేసింది. 24 ఏళ్ల వెసులుబాటు ఒక్క పూటలో పోయింది. కనుక పాత కరపత్రాల్లో ఉన్నదాన్ని బట్టి శాన్ ఆంటోనియో పిల్లలకు మాట ఇవ్వకూడదు. పత్రాలు లేని ఇలాంటి విద్యార్థులకే మాజీ పత్రికాధిపతి డొనాల్డ్ గ్రాహం తదితరులు 2014లో ద డ్రీమ్ డాట్ యూఎస్ అనే నిధిని ప్రారంభించారు. దాని భాగస్వామ్య కాలేజీల జాబితా ముందు చూడాలి.

లాటినో పేరున్న స్కాలర్‌షిప్‌ల వంతు దీని తర్వాతే. హిస్పానిక్ స్కాలర్‌షిప్ ఫండ్‌ను 1975లో ఎర్నెస్ట్ రోబ్లెస్ అనే విశ్రాంత సైనికాధికారి, ఆయన భార్య సొంత ఇల్లు తాకట్టుపెట్టి తెచ్చిన 30 వేల డాలర్లతో మొదలుపెట్టారు. మెక్‌డొనాల్డ్స్ హాసర్ స్కాలర్‌షిప్ 1985 నాటిది, ఎల్ పాసోలో రెస్టారెంట్లు నడిపిన రిచర్డ్ కాస్ట్రో చొరవతో పుట్టింది. దీని నియమం ఈ మధ్యే మారింది. కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవద్దని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు చెప్పాక ప్రైవేటు స్కాలర్‌షిప్‌ల మీద కూడా దావాలు పడ్డాయి. 2025 జనవరిలో అలాంటి ఒక దావా రాజీతో ముగిసి, తల్లిదండ్రుల్లో ఒకరు లాటినో అయి ఉండాలన్న షరతును మెక్‌డొనాల్డ్స్ తీసేసింది. లాటినో సమాజానికి విద్యార్థి ఏం చేశాడన్నది దాని స్థానంలోకి వచ్చింది. పేరు పాతదే, లోపల కొలత కొత్తది. ఇంటిపేరు గార్సియా అయితే సరిపోయే రోజులు పోయాయి. క్లినిక్‌లో అమ్మమ్మకు దుబాసీగా కూర్చున్న మధ్యాహ్నాలూ, తమ్ముళ్ల హోంవర్కు చేయించిన సాయంత్రాలూ ఇప్పుడు వ్యాసంలోకి రావాలి. పిల్లలు వీటిని ఘనకార్యాలుగా అనుకోరు. అడిగితేనే చెబుతారు.

బయటి స్కాలర్‌షిప్ వస్తే ఒక మెలిక ఉంది. కొన్ని కాలేజీలు అంత మొత్తాన్నీ తామిచ్చే సాయంలోంచి తగ్గించేస్తాయి, విద్యార్థి చేతికి అదనంగా ఏమీ రాదు. దీన్ని మొదట 2017లో మేరీల్యాండ్ చట్టంతో కట్టడి చేసింది, తర్వాత కాలిఫోర్నియా చేసింది. మిగతాచోట్ల ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును ముందే అడగాలి: తగ్గించేది గ్రాంటునా, అప్పునా? అప్పును తగ్గిస్తే నష్టం లేదు. ఫీజుకూ పుస్తకాలకూ పోయే స్కాలర్‌షిప్ మీద పన్ను పడదు, గదికీ తిండికీ వాడితే ఆ భాగం ఆదాయం కింద లెక్కకొస్తుంది.

కాలేజీ బోర్డు మీద హిస్పానిక్ సర్వింగ్ ఇన్‌స్టిట్యూషన్ అని ఉంటే అక్కడ లాటినో పిల్లలకు ఫీజు తగ్గుతుందని కొందరు భ్రమపడతారు. అది విద్యార్థుల్లో కనీసం 25 శాతం హిస్పానిక్‌లు ఉన్న కాలేజీకి దక్కే గుర్తింపు, విద్యార్థికి ఇచ్చే రాయితీ కాదు. స్కాలర్‌షిప్ ఖాయమని చెప్పి ముందు ఫీజు అడిగేవాళ్ల సంగతి ఏ భాషలోనైనా ఒకటే, మోసం.

ఫాఫ్సా మామూలుగా అక్టోబర్ 1న తెరుచుకుంటుంది. తల్లిదండ్రుల ఖాతాలు సెప్టెంబర్‌లోనే తెరిపించాలి, నంబరు లేనివారికి అక్కడే ఆలస్యమయ్యేది. ఖాతాలు తెరిపించే సాయంత్రాలు స్పానిష్ వచ్చిన టీచరమ్మను ఒకరిని పక్కన కూర్చోబెట్టుకో.