శస్త్రచికిత్స పిమ్మట రోజా

స్థూలకాయము తగ్గించుటకు చేయు స్లీవ్ శస్త్రచికిత్సలో జీర్ణాశయమున ముప్పాతిక భాగమును తొలగింతురు. మిగిలిన సన్నని గొట్టములో గ్లాసెడు నీరు ఒక్కమారుగా ఇమడదు. కనుక దినమునకు కావలసిన లీటరున్నర నీటిని గుక్కగుక్కగా, భోజనమునకు అరగంట ఎడముగా త్రాగవలెను. గ్రుడ్డు, చేప, పప్పు ముందు, అన్నము పిదప.

రంజాన్ మాసమున చిక్కు ఇక్కడనే వచ్చును. సహరీలో కూజాడు నీరు త్రాగి పగలు గడుపుదమనుట ఈ జీర్ణాశయముతో సాగదు. ఇఫ్తారులో షర్బత్తు గటగట త్రాగినచో కొందరికి చెమటలు పట్టి తల తిరుగును. (హలీము మెత్తనిదే, నాలుగు చెంచాలతో ఆపగలవారెందరు?) మొదటి నెలలలో రోజా వలదని వైద్యులందురు. రోగి ఆ దినములను పిమ్మట పూర్తి చేసికొనవచ్చునని ఖురాను రెండవ అధ్యాయముననే ఉన్నది. అది తెలిసియు, ఇరుగుపొరుగువారు ఏమనుకొందురో యని దాహమును దాచుకొనువారిని మేమెరుగుదుము. మూత్రము ముదురు పసుపురంగులో వచ్చినచో శరీరమునకు నీరు చాలలేదని తెలియవలెను. అప్పుడు మగ్రిబ్ వరకు ఎదురుచూడరాదు.