ఇంటర్నెట్ టెలిఫోను - దాని భద్రతయు నమ్మకమును

మన నెల్లూరు తీరమున రొయ్యల వర్తకమంతయు మాటమీద నడచునది. నేటి ధర యెంత, ఐసుతో లారీ యెప్పుడు వచ్చును అను వార్త యొక గంట ఆలస్యమైనను సరకు చెడును. ఇటీవల మేము మైపాడు దారిలో నొక వర్తకుని కార్యాలయమును జూడబోతిమి. అచటి టెలిఫోనుకు పాతకాలపు తంతి లేదు. ఇంటర్నెట్ తీగయే దానికి ప్రాణము. "గాలివాన వచ్చిన నిది పలుకునా?" అని మాలో నొకరు అడిగిరి.

ఈ యంత్రము మన కంఠధ్వనిని సాధారణముగా సెకనుకు 8,000 మారులు కొలిచి అంకెలుగా మార్చును. ఆ యంకెలను సెకనుకు 50 పొట్లములుగా గట్టి పంపును. ఒకటి రెండు దారిలో తప్పిపోయినను చెవికి దెలియదు. ఆలస్యముగ వచ్చిన పొట్లము మాత్రము పోయినదానితో సమానమే. ఏలయనగా సంభాషణ దానికొరకు నిలువదు.

దారిలో నెవరైన నా పొట్లములను విప్పి వినవచ్చును గదా! అందుచేత మాటను గూఢలిపిగా మార్చు ఎస్.ఆర్.టి.పి. అను పద్ధతి 2004లో ప్రకటింపబడెను. ఎవరు ఎవరిని పిలుచుచున్నారను సందేశమును టి.ఎల్.ఎస్. అను మరియొక పద్ధతి కప్పును. గూఢలిపి తాళపుచెవి తరచుగా నా సందేశములోనే పోవును గనుక, రెండవది లేనిచో తలుపునకు తాళమువేసి చెవిని గడపమీద నుంచినట్లే. ఐనను మా యభిప్రాయమున, గూఢలిపిని ఛేదించుటకు శ్రమపడు దొంగలు అరుదు. 1234 అని సంకేతపదముంచిన కార్యాలయమున వారు రాత్రివేళ సులభముగ ప్రవేశించి, ఖరీదైన విదేశపు నంబర్లకు పిలుపులు సాగింతురు. ఆ రుసుములో వారికి వాటా, బిల్లు యజమానునికి. పొడవైన సంకేతపదము, అవసరములేని విదేశపు పిలుపులకు అడ్డు, దినవ్యయమునకు హద్దు - ఇవియే మేలైన కావలి.

ఇక గాలివాన మాట. పాత టెలిఫోనుకు ఎక్స్చేంజిలోని బాటరీలనుండి 48 వోల్టుల విద్యుత్తు తంతిమీదనే వచ్చెడిది. ఇల్లు చీకటియైనను గంట మ్రోగెడిది. క్రొత్తదానికి మన యింటి కరెంటే దిక్కు. 1989 నవంబరులో కావలియొద్ద తీరము దాటిన తుపానువంటిది వచ్చినచో కరెంటు స్తంభములు నిలుచునా? కొన్ని కంపెనీలు "ఐదు తొమ్మిదులు", అనగా నూటికి 99.999 పాళ్లు పనిచేయునని చెప్పుకొనును. లెక్కవేసినచో ఏడాదికి సుమారు 5 నిమిషములే విరామము. అది వారి యంత్రముల లెక్క, మన వీధిస్తంభముది కాదు!

ఆ వర్తకుడు రెండు కంపెనీల తీగలు తెప్పించితినని ధైర్యముగ నుండెను. బయటికి వచ్చి చూడగా రెండును ఒకే స్తంభమునకు వ్రేలాడుచున్నవి. ఆ స్తంభము కూలిన రెండును కూలును. రెండవదారి సెల్లు టవరు ద్వారా నుండుట మేలు. టవరు బాటరీయు డీజిలును అయిపోవువరకైనను అది పలుకును. వీటన్నిటికంటె మాకు నచ్చినది మరియొకటి. పిలుపులను పంచు యంత్రము దూరనగరమున నుండును గనుక, కార్యాలయము మూగపోయినచో పిలుపును తనంతట తానే చెన్నైలోనో హైదరాబాదులోనో యున్న భాగస్వామి సెల్లుఫోనుకు మరలింపగలదు. ఈ యేర్పాటు ముందుగా చేసియుంచవలెను.

పరీక్షకై వర్తకుడు మెయిను మీటను దించెను. టెలిఫోను వెంటనే మూగపోయెను. వెదకి చూడగా బాటరీ కంప్యూటరుకే తగిలించియున్నది. ఇంటర్నెట్ పెట్టెయు టెలిఫోనును గోడప్లగ్గుననే యున్నవి. ఆయన నవ్వుచు రెంటిని బాటరీకి మార్చెను. కొంతసేపటికి చీకటిగదిలో గంట మ్రోగెను.